బషీర్ సార్ కండ్లద్దాలు

బషీర్ సార్ ముందు "లేదు" అన్న మాట అనకూడదు. అంటే ఇక అయిపోయినట్టే, "ఎక్కడెక్కడ చూసినవు?" అని మొదలుపెడతాడు. నల్లగొండలో ఆయన నడిపే కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో ఈ ప్రశ్న తప్పించుకున్నవాళ్లు లేరు. ఇడ్లీ లేదన్న పాపానికి హోటల్ సర్వరు గిన్నెల మూతలన్నీ తీసి చూపించాల్సి వచ్చింది. ఇంట్లో ఉప్పు నిండుకుంటే భార్య తాహేరా ఏమీ అనదు, నేరుగా సంచి చేతికిస్తుంది.

ఇదంతా తెలిసీ ఆయన దగ్గర డిగ్రీ ఆఖరి ఏడు చదివే మర్రిగూడ శ్రీవాణి నోరు జారింది. తమ మండలంలో ఏ నెల ఎంత వాన పడిందో చూపే ప్రోగ్రాం రాసి, దానికి 'వాన' అని పేరు పెట్టుకుంది. కాసేపట్లో ప్రాజెక్టు పరీక్ష. అది పోతే డిగ్రీ పట్టా ఆగుతుంది, హైదరాబాదులో కుదిరిన కొలువూ పోతుంది. తీరా కమాండ్లు కొట్టే నల్ల తెర, టెర్మినల్‌లో వాన అని కొడితే 'కమాండ్ నాట్ ఫౌండ్', అలాంటి కమాండే లేదని వచ్చింది.

"సార్, నా ప్రోగ్రాం లేదంటాంది."

"ఎక్కడెక్కడ చూసిందట?"

శ్రీవాణికి ఏడుపొక్కటే తక్కువ. ఆయన చెప్పేస్తే క్షణంలో అయ్యే పని. సార్ మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, మెషిన్‌నే అడగమన్నాడు. అడిగితే పాత్ అని ఒక వరుస వచ్చింది, అన్నీ ఫోల్డర్ల పేర్లు. కమాండు కోసం ఆ మెషిన్ ఆ ఫోల్డర్లు తప్ప ఇంకెక్కడా చూడదట. శ్రీవాణి ఫోల్డర్ పేరు అందులో లేనే లేదు. ఆ పేరు వరుసలో కలిపి మళ్లీ వాన అని కొట్టింది. లెక్కలు జలజలా వచ్చాయి.

ఏడుపు పోయి ఆరా పట్టుకుంది. "అన్ని జాగలల్ల చూడొచ్చు గద సార్, దానికేం రోగం?"

"ఊరంత దేవులాడితే నీకు జవాబెప్పుడొస్తది బిడ్డా? జర ఆగు, కొత్త టెర్మినల్ తెరిస్తే..." అంటుండగానే పరీక్షకు పిలుపొచ్చింది. సార్‌ను బయటికి పంపి తలుపు మూశారు.

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ కూర్చోగానే ఆమె తెరిచిపెట్టిన టెర్మినల్ మూసేసి కొత్తది తెరిచాడు. వాన మళ్లీ మాయమైంది. ప్రోగ్రాం లేదు కదమ్మా అన్నాడాయన. శ్రీవాణి నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"ఎక్కడెక్కడ చూసింది సార్?"

అని ఊరుకోక తనే పాత్ తీసి చూసింది. తను కలిపిన పేరు లేదు. అది మూసేసిన టెర్మినల్‌తోనే పోయిందని, సార్ చెప్పబోయింది ఇదేనని అప్పుడు అర్థమైంది. టెర్మినల్ తెరిచినప్పుడల్లా మెషిన్ చదువుకునే ఫైలు ఒకటుందని క్లాసులో విన్నది గుర్తొచ్చి, తన ఫోల్డర్ పేరు కలిపే లైను అందులో రాసి, ఇంకో టెర్మినల్ తెరిచింది. వాన పడింది. ఎలా అని ఎగ్జామినర్ ఆసక్తిగా అడిగితే మొదటినుంచి విప్పి చెప్పింది. ఆయన సంతోషంగా మార్కులు వేశాడు.

బయటికొస్తే ల్యాబ్ కిటికీ కింద బషీర్ సార్ వంగి ఏదో వెతుకుతున్నాడు. తాహేరా కట్టిచ్చిన టిఫిన్ డబ్బా మూతైనా తీయకుండా పక్కనే ఉంది.

"ఇంక తినలేదా సార్?"

"కండ్లద్దాలు లేవు బిడ్డా. దేవులాడుతున్న."

అవి ఆయన చొక్కా జేబులోంచి తొంగి చూస్తున్నాయి. కండ్లద్దాలు వంకేనని, పరీక్ష అయ్యేదాకా ఆయన ఆ కిటికీ వదలనిది తన కోసమేనని శ్రీవాణికి తెలిసిపోయింది. ఆ పిల్ల మనసు నిండిపోయింది. అయినా ఇలాంటి అదను మళ్లీ దొరకదు.

"ఎక్కడెక్కడ చూసిన్రు సార్?"

సార్ జేబు తడుముకుని, కండ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు.

"జేబు నా పాత్‌ల లేదు బిడ్డా," అన్నాడు.