మడ్డి లోతు చెప్పిన గాలి

బగ్దల్ ఊరి ఖండప్ప పిరికివాడేం కాదు. చేలో పాము కనపడితే తోక పట్టుకుని గిరగిర తిప్పి విసిరేసే రకం. అలాంటివాడికి కార్ఖానాలో మడ్డి ట్యాంకు నిచ్చెన చూస్తే మాత్రం గుండెలు జారిపోయేవి. కమలనగర్ పోయే తోవలో ఉండేదా చక్కెర కార్ఖానా. మైసూరు రాష్ట్రం కర్ణాటకగా పేరు మార్చుకున్న మరుసటేటి సంగతిది. చక్కెర తీశాక మిగిలే నల్లని మడ్డి ఆ ట్యాంకులో చేరేది. ఎంత చేరిందో తెలియాలంటే మనిషి మూడు నిలువుల ఎత్తెక్కి, మూత తీసి, ఇనుప కడ్డీ దించి చూడాలి. మూత తీస్తే లోపలి ఆవిరి తల తిప్పేస్తుంది. ఖండప్ప బావ దుర్గప్ప అలాగే కళ్ళు తిరిగి లోపల పడ్డాడు. పైకి లాగేసరికి ప్రాణం లేదు.

ఆనాటి నుంచి ఆ నిచ్చెన ఖండప్పే ఎక్కుతూ వచ్చాడు. ఇప్పుడతని మోకాళ్ళు అరిగిపోయాయి. తండ్రి పని కొడుక్కివ్వడం అక్కడి రివాజు. దుర్గప్ప కొడుకు మొగులప్పను పనిలో పెట్టుకున్నారు, చెరకు గానుగ మొదలైతే అతనెక్కాలి. దుర్గప్ప భార్య బసవ్వ తమ్ముడు ఖండప్ప దగ్గరికొచ్చి ఏడవలేదు, తిట్టలేదు. "నాకు మిగిలింది వాడొక్కడే గదరా" అని వెళ్ళిపోయింది.

ఇంజినీరు శంకర్‌రావుకూ మనిషిని ఎక్కించడం గిట్టదు. కిందటేడు ట్యాంకు పక్కన గాజు గొట్టం పెట్టించాడు. చలికి మడ్డి అందులో గడ్డకట్టి, లోపలేముందో ఆ పరమాత్ముడికే తెలియాలన్నట్టు తయారైంది. ఈసారి బోలు డబ్బా తెప్పించాడు. డబ్బా మడ్డి మీద తేలుతుంది, దాని తీగ పైనున్న చక్రం మీదుగా బయటికొచ్చి కింద కొలతపలక మీది ముల్లును కదుపుతుంది. ముల్లు చూస్తే చాలు. ఖండప్ప ఆనందం పట్టలేక, దసరా ఆయుధపూజ నాడు కుంటుకుంటూ పైకెక్కి, ఆ చక్రానికి పసుపు దారం చుట్టి బంతిపూల దండ కట్టి వచ్చాడు. పూజచేసి కట్టిన దారం తనంతట తాను తెగాలే గాని చేత్తో తెంపకూడదని అతని ఇంటి ఆచారం. గానుగ మొదలైంది. దారం, ఎండిన దండ కలిసి చక్రాన్ని బిగబట్టాయి. ముల్లు సగం దగ్గరే నిలబడింది, ట్యాంకు నిండి మడ్డి పొర్లి రోడ్డెక్కింది. చీమలకు పెళ్ళి విందు.

మేనేజరు మండిపడి, ఆటబొమ్మలు చాలు, రేపటి నుంచి మొగులప్ప ఎక్కాల్సిందే అన్నాడు. తన భక్తే మేనల్లుణ్ణి నిచ్చెన ఎక్కిస్తోందని ఖండప్ప కుమిలిపోయాడు. దారం కట్టింది నేనేనని శంకర్‌రావుకు చెప్పేశాడు. ఆయన కోప్పడలేదు. పైనున్న చక్రం వైపు చూపించి అన్నాడు.

"కదిలేదాన్ని పెడితే ఎప్పుడో ఒకప్పుడు బిగుసుకపోతది. అసలు కదలనిదాన్ని దేవులాడాలె ఖండప్పా."

మేనేజరును బతిమాలి ఒక్క వారం గడువు తెచ్చాడు. లోపల బోలుగా ఉండే బొప్పాయి ఆకు కాడ తెంపించి, నీళ్ళ బకెట్‌లో ముంచి ఖండప్పను ఊదమన్నాడు. పైపైన ముంచితే బుడగలు సులువుగా వచ్చాయి. అడుగుదాకా దించితే బుగ్గలు బిగిసి చెవులు గుయ్యిమన్నాయి. లోతు ఎంతో అతని బుగ్గలకే తెలిసిపోయింది. ఖండప్ప కాడ తీసి బకెట్‌లోకి తొంగి చూశాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్న నీళ్ళే, కానీ వాటికి ఈ గుణం ఉందని ఇన్నేళ్ళూ తెలియనే లేదు.

ట్యాంకులోకి అడుగుదాకా ఒక సన్నని గొట్టం దించి, నేల మీది నుంచి దాంట్లోకి గాలి పంపారు. మడ్డి లోతు పెరిగేకొద్దీ బుడగను బయటికి తొయ్యడానికి గాలికి అంత బలం కావాలి. ఆ బలమే నేల మీద పెట్టిన గాజు గొట్టంలో పాదరసాన్ని పైకి లేపుతుంది. నిండు ట్యాంకుకు మూరెడు పాదరసం. పక్కన పలక మీద పీపాల లెక్క.

నిజమో కాదో కడ్డీతో ఒక్కసారి సరిచూడాలి. మొగులప్ప నిచ్చెన మీద చెయ్యి వేశాడు. ఖండప్ప ఆ చెయ్యి తీసేశాడు. నడుముకు తాడు, మూతికి తడిగుడ్డ కట్టుకుని, మెట్టుకో దేవుణ్ణి తలుచుకుంటూ తనే ఎక్కాడు. పైనుంచి కడ్డీ కొలత అరిచి చెప్పాడు. కింద శంకర్‌రావు పాదరసం చూసి తలెత్తాడు.

"అంతే ఉంది. దిగు."

కిందికొచ్చిన ఖండప్ప పాదరసం ముందు చేతులు జోడించాడు. కంటికి కనపడని గాలి ఆ చీకట్లోకి పోయి, ప్రాణాలతో తిరిగొచ్చి, లోతు చెబుతోంది. ఈసారి దారం మాత్రం కట్టలేదు.

మరునాడు బసవ్వను పిలుచుకొచ్చాడు. మొగుడు పోయాక ఆమె ఆ ట్యాంకు వైపు కన్నెత్తి చూసింది లేదు. తమ్ముడు చెప్పిందంతా విని, గాజు గొట్టంలో వెండిలా మెరిసేదాన్ని రెప్పవేయకుండా చూసింది.

"మీ బావ ఉన్నప్పుడు ఇది లేకుండెనారా?"

"లేకుండె అక్కా."

మొగులప్ప పాదరసం చూసి పీపాల లెక్క గట్టిగా చదివాడు. బసవ్వకు ఆ లెక్క వినపడలేదు. ఆమె కొడుకు పాదాలనే చూస్తూ నిలబడింది. రెండూ నేల మీదున్నాయి.