లెక్కకి కూర్చున్న పిల్లాడు

మొన్న శృంగవరపుకోట బజారులో వంకాయలు ఏరుకుంటుంటే పక్కనుంచి ఎవరో "నమస్కారం టీచర్ గారూ, బాగున్నారా" అన్నారు. తల తిప్పి చూశాను. మా ఊరి హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన ఆయన. జుట్టంతా తెల్లబడింది. చేతిలో గుడ్డసంచీ, అందులోంచి తొంగి చూస్తున్న తోటకూర. ముసలితనం మనిషిలో లేని మంచితనాన్ని కూడా మొహానికి తెచ్చిపెడుతుంది.  వంకాయల వాడి చేతిలో నోటు పెట్టి, చిల్లర కూడా తీసుకోకుండా వచ్చేశాను. చిల్లర వదిలేయడం నా జీవితంలో అదే మొదటిసారి. "ఎంతకాలమని మనసులో పెట్టుకుంటావే" అంటుంది మా చెల్లెలు. నా పెళ్లిలో మా ఆడపడుచు నాకు కనబడకుండా దాచేసిన గాజుల రంగు కూడా నాకు ఇప్పటికీ గుర్తే. మరిచిపోవడం గొప్ప గుణమంటారు. ఆ నీతి చెప్పేవాళ్లు ఎప్పుడూ మాట అన్నవాళ్లే గాని, పడ్డవాళ్లు కారు.

మా తమ్ముడిది పొందూరు దగ్గర పల్లె. వాడి కొడుకు పదో తరగతిలో ఉండగా, తనకంటే పెద్దవాళ్లైన ఇద్దరు స్నేహితులు దొంగిలించిన మోటారుసైకిలు మీద వెనక కూర్చుని ఊరేగాడు. బండి దొంగదని వాడికి తెలుసా అని నేనెప్పుడూ అడగలేదు. తెలిసే ఉంటుంది. ఆ వయసులో తెలియక చేసేవాటికంటే తెలిసి చేసేవే ఎక్కువ. పెద్దవాళ్లిద్దరూ జైలుకి వెళ్లారు, వీణ్ణి పిల్లల హోములో పెట్టారు. ఆ హోము ఎక్కడో చెప్పను. బయట ఉన్నన్నాళ్లూ లెక్కల పుస్తకం అట్ట కూడా తిప్పని పిల్లాడికి, అక్కడ చదువు చెప్పే మేడం ఒకావిడ పట్టుబట్టి లెక్కలు నేర్పింది. చూడ్డానికి వెళ్లినప్పుడల్లా నేను పట్టుకెళ్లిన జంతికలు నములుతూ నాకు త్రికోణమితి అప్పజెప్పేవాడు. కటకటాల ఇవతల కూర్చుని సైన్ తీటా విన్న మేనత్తని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ముప్ఫై ఏళ్లు చిన్న తరగతులకి పాఠాలు చెప్పినదాన్ని, నాకు అందులో సగం అర్థం కాలేదు గాని, వాడి కళ్లలో వెలుగు మాత్రం అర్థమైంది. వదిలిపెట్టే రోజున ఆ మేడం నా రెండు చేతులూ పట్టుకుని, "పరీక్షకి కూర్చుంటే పాసవుతాడమ్మా, బడి మాత్రం మానిపించకండి" అంది. అక్కడి ఆఫీసరు, వారం వారం తమ మనిషి మా ఇంటికి వచ్చి పిల్లాడి మంచిచెడ్డలు చూస్తాడని మాటిచ్చాడు. తమ్ముడి ఊళ్లో అందరికీ తెలిసిపోయింది కనక వాణ్ణి నా దగ్గరికి తెచ్చుకున్నాను. మా ఊళ్లో ఎవరికీ ఏమీ తెలియదు. ఎరగని చోట, ఎవరి నోటా పడకుండా పరీక్షల దాకా చదివి పది గట్టెక్కడం, మేము కోరుకున్నది అంతే.

వచ్చిన మొదటి రోజు సాయంత్రం వాడు వంటింటి గడప అవతల నిలబడి, "అత్తా, నీలు తాగొచ్చా?" అన్నాడు. పెరట్లోకి వెళ్లాలన్నా అడిగేవాడు, నిద్రొస్తే పడుకోవచ్చా అని అడిగేవాడు. తలుపు తీసే ఉన్నా, ఎవరో ఒకరు రమ్మనేదాకా గడప దాటేవాడు కాదు. చీకటి పడే వేళకి, పిలిచినా పిలవకపోయినా, వసారాలో గోడవైపు తిరిగి బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. చూడ్డానికొచ్చిన మా తమ్ముడు అదంతా చూసి మురిసిపోయాడు. "సూడక్కా, ఎంత బుద్దొచ్చిందో. కూకోమంటే కూకుంటన్నాడు. ముందే ఎట్టీవలసింది హోములో." ఆ మాటకి తమ్ముడితో నెల రోజులు మాట్లాడలేదు నేను. అది బుద్ధి కాదు, భయం నడక నేర్చుకుని మర్యాదలా తిరగడం. "ఒరే, ఈ ఇంట్లో నీళ్లకి, గాలికి ఎవరినీ అడగక్కర్లేదురా" అని రోజూ చెప్పాను. మెల్లమెల్లగా మారాడు. ఓ రోజు నేను నిద్రలేచేసరికి కుండలో చోడి అంబలి ఖాళీ. అడగకుండా తాగేశాడు. "దొంగవెధవా" అని నోటిదాకా వచ్చిన మాట మింగేసి, ఇంకో చెంబుడు కాచిపెట్టాను. వాడే నవ్వి, "అను అత్తా, నువ్వు అంటే పర్లేదు" అన్నాడు.

బళ్లో చేర్చడానికి మాత్రం నా చెప్పులు అరిగాయి. హెడ్మాస్టరు హోము ఇచ్చిన కాగితాలు చూసి, మొదటి రోజు రేపు రమ్మన్నాడు. రెండోసారి వెళ్తే, ఇలాంటి పిల్లల్ని చేర్చుకుంటే మిగతా తల్లిదండ్రులకి తనేం సమాధానం చెప్పాలన్నాడు. ఆ మాట అంటూనే అటెండరు చేత టీ తెప్పించుకుని, ఎదురుగా వయసులో పెద్దదాన్ని, ఆయనలాగే పాఠాలు చెప్పినదాన్ని నేనుండగా, తనొక్కడే తాగాడు. ఆ గాజుగ్లాసుకి అంచు దగ్గర పగులుంది. నేను కదల్లేదు. "చేర్చుకోనని కాగితం మీద రాసి సంతకం పెట్టండి మాస్టారూ, పట్టుకుపోతాను" అన్నాను. బడి వరండాలో బెంచీ మీద రోజూ వెళ్లి కూర్చున్నాను, అల్లుకోడానికి ఊలు కూడా పట్టుకెళ్లాను. స్వెట్టరుకి ఒక చెయ్యి పూర్తయ్యేసరికి ఆయన చేర్చుకున్నాడు. "ఈ సంగతి నాకూ మీకూ తప్ప మూడో మనిషికి తెలియదు" అని మాట కూడా ఇచ్చాడు. ఆ మాట కొన్నాళ్లు నిలబెట్టుకున్నాడనే ఒప్పుకుంటాను. నేను పట్టుదల మనిషినే గాని అబద్ధాలదాన్ని కాను.

వాడు బడికి ఇష్టంగానే వెళ్లాడు. లెక్కల్లో తరగతిలో ముందుండేవాడు. మా వీధిలో పిల్లలు నలుగురు సాయంత్రాలు మా అరుగు మీదకి చేరి వాడి చేత లెక్కలు చెప్పించుకునేవాళ్లు. ఇంతలో ఒకరోజు జిల్లా నుంచి ఎవరో పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. హెడ్మాస్టరు కంగారుగా గ్రౌండులోకి వచ్చి, పదో తరగతి వాళ్లంతా వరసకట్టాలి, తలలు లెక్కపెట్టాలి అని కేకలేశాడు. అప్పుడు జరిగింది నాకు చెప్పినామె బళ్లో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ, మా పక్కింటామె. "నాను సూసినాను పంతులమ్మా. లెక్కెడతాం అన్నాడో లేదో, మన పిల్లడు గబుక్కున కూలబడిపోనాడు. తలమీద రెండు సేతులూ ఎట్టుకొని, నేల సూపులు సూస్తా, పదిహేడు సార్ అని అరిసినాడు. మిగిలినోలంతా నిలబడే ఉన్నారు. పిల్లలు నవ్వినారు. ఏదో ఏసాలేస్తన్నాడనుకున్నారు పాపం." హోములో పూటపూటకీ అలాగే లెక్కపెట్టేవాళ్లు. వాడి నంబరు పదిహేడు. ఇంట్లో నేను మాన్పించినవన్నీ మానాయి గాని, లెక్క అన్న మాట వినబడితే ఏం జరుగుతుందో నాకెలా తెలుస్తుంది? మా ఇంట్లో ఉండేదే ఇద్దరం.

నవ్వుతో పోయేదే ఆ వ్యవహారం. వేషాలేశాడనుకుని అందరూ మరిచిపోయేవాళ్లు. కాని అధికారి జీపు గేటు దగ్గరికి వచ్చేసింది, హెడ్మాస్టరుకి ఒళ్లు మండింది. అందరూ వింటుండగా, "లేరా, లే. ఇదేమైనా నువ్వున్న హోమనుకున్నావేటి?" అన్నాడు. నవ్వు ఆగిపోయిందట. కంగారులో మాట జారిందని తరవాత నాతో అన్నాడు. నేను పైఅధికారులకి ఫిర్యాదు పెట్టాను, ఒకటికి రెండుసార్లు పెట్టాను. క్షమాపణ కూడా చెప్పించాను. చిన్న గొంతుతో, నా ఒక్కదానికే చెప్పాడు. మాట అన్నది గ్రౌండులో, క్షమాపణ గదిలో.

మర్నాటి నుంచి వాడి పేరు పోయింది. బళ్లో పదిహేడు, బస్టాండులో పదిహేడు. అరుగు మీదకి లెక్కలకి వచ్చే పిల్లల్ని తల్లులు పంపడం మానేశారు. కొన్నాళ్లు పళ్లబిగువున వెళ్లాడు. తరవాత పుస్తకాల సంచీ తగిలించుకుని బయల్దేరి, గేటు దాకా వెళ్లి తిరిగొచ్చేవాడు. ఏం జరిగిందని అడిగితే, "అక్కడ అందరం ఒకలాటోలమే అత్తా. ఇక్కడ నానొక్కణ్నే" అన్నాడు. ఇంకోరోజు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "పరీచ్చ మేడం కాడ రాయొచ్చేటి? ఆ హోములోకి బయటోల్ని రానిస్తారా?" అని అడిగాడు. వదిలిన చోటికే వెళ్తానని అడుగుతున్నాడు పిల్లాడు. బస్సెక్కించి తీసుకెళ్లాను. గేటు దగ్గర కాపలావాడు, "లోపలున్నోలు బయటకి ఎల్లకూడదు, బయటున్నోలు లోపలికి రాకూడదు. నాను సేసీదేటున్నాదమ్మా" అన్నాడు. మేడం ఉందా అని అడిగాను. కాంట్రాక్టు అయిపోయిందట, ఆవిడ ఎక్కడికెళ్లిందో ఎవరికీ తెలియదు. వాడు కాసేపు ఆ ఇనుప గేటు సందులోంచి లోపలికి చూశాడు. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చి, దారంతా నిద్రపోయినట్టు నటించాడు.

అయినా పరీక్ష మొదటి రోజున తలంటు పోసుకున్నాడు. పెరుగన్నం తిన్నాడు. నేను కూడా వెళ్లాను. సెంటరు గేటు దగ్గర పిల్లల్ని వరసగా నిలబెట్టి, చీటీలున్నాయేమోనని జేబులు తడిమి పంపుతున్నారు. వాడు వరసలో నిలబడ్డాడు. మెల్లగా ముందుకి జరిగాడు కూడా. ఇంకో ఇద్దరి తరవాత వాడి వంతు అనగా వెనకనుంచి ఎవరో ఆ నంబరు అన్నారు. గట్టిగా కూడా కాదు. వాడు వరసలోంచి బయటకొచ్చి, నేను నిలబడ్డ చోటికి వచ్చేశాడు. నేను వాడి మణికట్టు పట్టుకున్నాను. నా జీవితంలో నేనెవరినీ బతిమాలలేదు, మొగుణ్ణి కూడా. ఆ రోజు బతిమాలాను. వాడు చెయ్యి విడిపించుకోలేదు. "నువ్వు ఎవులితోనైనా దెబ్బలాడగలవత్తా. నాతోటి దెబ్బలాడకు" అన్నాడు. లోపల గంట కొట్టారు. ఇంటికి వచ్చేశాం.

ఇప్పుడు భోగాపురం వైపు సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. పండక్కీ పబ్బానికీ వస్తాడు, కూరలు తరిగిపెడతాడు, ఎక్కువ మాట్లాడడు. వారం వారం వస్తానన్న హోము మనిషి పరీక్షలైపోయిన చాలా రోజులకి ఒకసారి వచ్చి, "అబ్బాయి చదువుకుంటున్నాడామ్మా?" అని అడిగాడు. నేనేమన్నానో ఇక్కడ రాయడానికి వీల్లేదు. అన్నీ విని ఆయన, "ఏడాదిదేముందమ్మా, మళ్లీ వస్తాది, వచ్చే ఏడు పరీక్షకి కట్టించండి" అన్నాడు. తమ్ముడూ అదే అన్నాడు, హెడ్మాస్టరూ అదే అన్నాడు. వాళ్లన్నది అబద్ధం కాదు. ఏడాది మళ్లీ వచ్చింది, ఆ పై ఏడూ వచ్చింది, ఏటేటా వస్తూనే ఉంది. సైన్ తీటా అప్పజెప్పిన ఆ పిల్లాడే ఏ ఏడాదితోనూ తిరిగి రాలేదు.