మూడో గడియారం

ఎవరైనా నన్ను నమ్మకస్తురాలు అంటే నాలుగేళ్లుగా నాకు భయమేస్తోంది. పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోతాను. అన్నం కలుపుతూ చెయ్యి ఆపేస్తాను. ఇంట్లోవాళ్లు ఏమైందని అడిగితే తలనొప్పి అంటాను. అది తలనొప్పి కాదు. మీరెవరో నాకు తెలియదు, నా ముఖం మీరు చూడరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను హనుమకొండలో ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నాను. అరవై దాటినవాళ్లకు వారానికి రెండుసార్లు జ్ఞాపకశక్తి వ్యాయామాలు చేయించి, ఆరు నెలల తర్వాత మతిమరుపు తగ్గిందా లేదా అని పరీక్షించడం నా పని. వచ్చినవాళ్లలో ఖాలిదా టీచర్ ఒకరు. సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భర్త లేరు. పరకాలలో కూతురు షబానా దగ్గర ఉండేవారు. పొద్దున్నే బస్సెక్కి అందరికంటే ముందు వచ్చేవారు. నేను కుర్చీలు వేస్తుంటే వద్దన్నా వినకుండా తనూ ఒక చెయ్యి వేసేవారు.

రెండో వారంలోనే నన్ను వరండాలోకి పిలిచారు. బస్సులో ఎక్కడ దిగాలో మర్చిపోతున్నారట. మాట్లాడుతూ ఉంటే మాట దొరకడం లేదట.

"షబానాకు చెప్పలే బిడ్డా, ఫికర్ పడ్తది. నీకే చెప్తాన. ఆఖరి పరీక్షల ఏమొచ్చినా నాతోని నిజం చెప్పు. తల మంచిగున్నప్పుడే ఉమ్రాకు పోయి రావాలె. మక్కా పోయొచ్చినట్టు యాదుండాలె కద!"

చెబుతానన్నాను. ఆమె చెయ్యి పట్టుకుని మరీ అన్నాను.

ఆరు నెలలు గడిచాయి. మెదడు ఆరోగ్యం మీద జరిగిన పరిశోధనలన్నిటినీ ఒక రోజు ప్రదర్శనగా పెట్టాలని విశ్వవిద్యాలయం నిర్ణయించింది. మా గైడ్ సారు ఖాలిదా టీచర్‌ను వేదిక మీద మాట్లాడించాలనుకున్నారు. ఆమె ఫొటోతో ఫ్లెక్సీ కూడా వచ్చేసింది. ఇంకా మూడు రోజులున్నాయనగా ఆమెకు ఆఖరి పరీక్ష పెట్టాను.

గడియారం బొమ్మ వేసి పదకొండూ పది చూపించమన్నాను. ఏళ్ల తరబడి పిల్లలకు నల్లబల్ల మీద గడియారం నేర్పిన మనిషి. గుండ్రంగా గీత గీశారు. అంకెలన్నీ కుడివైపే కుక్కేశారు. ముళ్లు పెట్టలేదు. పెన్సిల్ పట్టుకుని ఆ కాగితాన్నే చూస్తూ ఉండిపోయారు.

నేను అక్కడ ఆగాలి. ఆగలేదు. ఇంకో కాగితం ఇచ్చాను. అదీ అంతే. మూడో కాగితం ఇచ్చి, "పన్నెండు పైన కద టీచర్" అన్నాను. ఆరు ఎక్కడుండాలో వేలితో చూపించాను. ముళ్లు గీసేటప్పుడు ఆమె చేతిని కొంచెం నెట్టాను కూడా. ఆ మూడోదాన్ని ఫైల్లో పెట్టి, మొదటి రెండూ చింపేశాను. మాటలు గుర్తుపెట్టుకునే పరీక్షలోనూ ఆమె చెప్పని మాటలకు టిక్కులు పెట్టాను.

ఎందుకు? ఎవరైనా బలవంతం చేశారా? లేదు. సారుకు ఈ సంగతే తెలియదు. ఆమె బాధపడతారనా? ఇన్నేళ్లూ నాకు నేను ఆ కారణమే చెప్పుకుంటూ వచ్చాను, అది దయలా కనిపిస్తుంది కాబట్టి. కానీ ఆ రోజు ఆమె ముఖం కంటే నా కళ్ల ముందు ఎక్కువగా ఉన్నది ప్రదర్శనలో పెట్టబోయే నా పోస్టర్. ఉత్తమ పోస్టర్ బహుమతి నాకు కావాలి. అంతే.

ప్రదర్శన రోజు షామియానా కింద పోస్టర్ల వరుసలు, థర్మకోల్‌తో చేసిన మెదళ్లు, ఒక మూల బీపీ చూసే బల్ల. టీచర్ ఇస్త్రీ చీరలో వచ్చారు. వేదిక ఎక్కే ముందు నా పోస్టర్ దగ్గర నిలబడి, పెద్దదిగా అచ్చువేసిన గడియారాన్ని కళ్లద్దాలు సర్దుకుని చూశారు.

"ఇది నేనేసిందేనా బిడ్డా?"

"మీరే వేసిండ్రు టీచర్."

"నాకు ఇట్ల యాదికి లేదు. అంకెలు కుదుర్లే అనుకున్న. నువ్వేమన్న చెప్పినవా?"

"నేనేం చెప్పలే. మీరొక్కరే వేసిండ్రు."

ఆమె నా కళ్లలోకి చూశారు. "నిజం చెప్పు. పరీక్షల ఏమొచ్చింది?"

"మంచిగొచ్చింది టీచర్. ఏం ఫికర్ లేదు."

"అయితే నేనే తప్పు యాద్జేసుకుంటాన," అని నవ్వారు. ఆ నవ్వులో ఎంత నిశ్చింత!

ఆమెకు గుర్తున్నదే నిజం. జారిపోతున్న జ్ఞాపకాల్లో ఆ ఒక్కటీ ఆమె గట్టిగా పట్టుకుని వచ్చి నా ముందు పెడితే, అది తప్పని చెప్పి నేను లాగేసుకున్నాను. ఆమె వేదికెక్కి నా పేరు చెప్పి, నేను చల్లగా ఉండాలని దువా చేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు బహుమతి వచ్చింది.

టీచర్ ఉమ్రా వాయిదా వేసుకున్నారు. షబానాకు కానుపు దగ్గరపడింది, పాప కాస్త పెద్దదయ్యాక నిమ్మళంగా పోవచ్చనుకున్నారు. తల బాగానే ఉందని నేను చెప్పాను కదా. రెండేళ్లకు ఒక ఉదయం, తను పనిచేసిన బడి గేటు ముందు కూర్చుని, పిల్లలింకా రాలేదేమని ఏడుస్తూ కనిపించారు. దవాఖానలో జబ్బు పేరు చెప్పారు. షబానా గాబరాపడి వెంటనే మక్కా తీసుకుపోయింది. తిరిగొచ్చాక చుట్టుపక్కలవాళ్లు చూడ్డానికొస్తే, వాళ్లకు ఖర్జూరాలు పంచుతున్న కూతుర్ని టీచర్ అడిగారట: "మనం ఎప్పుడు పోతున్నం?"

ఇది షబానాయే నాకు ఫోన్లో చెప్పింది, సలహా కోసం. ఇంత తొందరగా ఎట్లా ముదిరిందని అడిగింది. కొందరికి అట్లనే అవుతుందన్నాను. మళ్లీ అబద్ధం.

జబ్బును నేను ఆపగలిగేదాన్ని కాదు. ఆ మాట వెనక కూడా చాలాకాలం దాక్కున్నాను. ఆమె నన్ను వైద్యం అడగలేదు. సమయం ఎంత ఉందో చెప్పమన్నారు.

మొన్న ఆదివారం పరకాల వెళ్లాను. టీచర్ మంచం మీద కూర్చుని ఉన్నారు. నన్ను గుర్తుపట్టలేదు. అయినా కూర్చోమని కొంచెం జరిగారు. నేను కూర్చోలేకపోయాను. వంటింట్లో షబానాకు అంతా చెప్పాను. ఆమె అరవలేదు. పొయ్యి ఆపింది.

"మా అమ్మ నాకు చెప్పనిది మీకు చెప్పింది మేడం. మిమ్మల్ని నమ్మి తనను తాను నమ్ముకోలే. మాఫ్ చేసేటామెకు మీరెవరో తెల్వదు. నేనెట్ల చేస్త? పోండి."

వచ్చేశాను. ఆ పరీక్ష పత్రాలు నేను మార్చినవని విభాగానికి రాసి, సంతకం చేసి ఇచ్చాను. పాఠాలు చెప్పే ఈ ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. మీరు కూడా నన్ను క్షమించాలని ఇది రాయడం లేదు. ఖాలిదా టీచర్ గుర్తుపెట్టుకున్నది నిజం. నేను చెప్పింది అబద్ధం. ఈ రెండు ముక్కలు రాయడానికి నాలుగేళ్లు పట్టింది. ఇప్పుడు రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.