లెక్కలోంచి కొట్టేసినవాళ్ళు

మనస్తత్వ పరిశోధనశాలలో ఆవిడను అందరూ లెక్కలమ్మ అనేవారు. పెళ్ళికి ముందు నుంచీ అదే కుర్చీ, కిటికీ పక్కన అదే బల్ల. పరిశోధకులు తెచ్చి పోసిన అంకెలను చెరిగి, ఏరి, ఫలితం తేల్చడం ఆవిడ పని. అందులో ఒక ఆనవాయితీ ఉండేది. వైద్యం మధ్యలో మానేసినవాళ్ళను లెక్కలోంచి కొట్టేయాలి. సగం వైద్యం పొందినవాళ్ళను కలిపితే లెక్క పాడవుతుందని ప్రొఫెసరుగారి వాదన. ఆవిడా ఏనాడూ కాదనలేదు. వాళ్ళ మొహాలు చూసి ఉంటే కదా కాదనడానికి!

ఈసారి పరీక్షిస్తున్నది దుఃఖానికి వైద్యం. అయినవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళు వారం వారం వచ్చి, ఆ చావు సంగతి మొదటినుంచీ మళ్ళీ మళ్ళీ చెప్పాలి. చెప్పగా చెప్పగా బరువు దిగుతుందట! ప్రతిసారీ ఎంత బాధగా ఉందో అడిగి మార్కులు వేస్తారు. అన్నయ్య పోయాక తిండి మానేసి గోడకేసి చూస్తూ కూర్చున్న వదినను లెక్కలమ్మే బతిమాలి అందులో చేర్పించింది.

సగటు మీద దుఃఖం తగ్గుతోంది. ప్రొఫెసరుగారి కాలు నేల మీద నిలవడం లేదు. ఇంట్లో వదిన మాత్రం చిక్కి సగమైపోతోంది. కీడు శంకించి, లెక్కలమ్మ సగటును పక్కనపెట్టి ఒక్కొక్కరి బాధ మార్కుల గీతా విడిగా గీసి చూసింది. చాలామందివి కాస్త కాస్త దిగాయి. కొన్ని మాత్రం నిట్టనిలువునా పైకి పోయి, మధ్యలో తెగిపోయాయి. తెగినవన్నీ మానేసినవాళ్ళవి. పైకి పోతూ ఇంకా తెగనిది ఒక్కటే, వదినది.

"సార్, కొందరికి ఇది వికటిస్తోంది," అంది ప్రొఫెసరుగారి దగ్గరికి వెళ్ళి.

"సగటు తగ్గిందా, లేదా?"

"తగ్గింది. బాధ ముదిరినవాళ్ళు మానేస్తున్నారు, మనం వాళ్ళని తీసేస్తున్నాం. ఇంక తగ్గక ఏం చేస్తుంది?"

"ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదమ్మా, అందరూ చేసేదే. ఆసుపత్రులవాళ్ళు మన ఫలితం కోసం కాచుక్కూర్చున్నారు. ఇప్పుడు కొత్త పేచీలు పెట్టకు."

అందరూ చేసేదేనట! ఆ మాట అనేశాక ఆయన హాయిగా కాఫీ తాగాడు.

లెక్కలమ్మకు పాలుపోలేదు. వదినను పంపితే మనిషి దక్కదు. ఆపితే వదిన కూడా లెక్కలోంచి పోతుంది, ఆ వైద్యం ఇంకా గొప్పదైపోతుంది.

ఇంటికెళ్ళేసరికి వదిన గుమ్మంలోనే ఉంది. "రేపు కూడా మీ అన్నయ్యని ఇంకోసారి చంపి రావాలా?" అని అడిగింది.

"వద్దు వదినా. నీకు దణ్ణం పెడతాను, ఇంక అక్కడికి రావద్దు," అంటూ బావురుమంది లెక్కలమ్మ.

మర్నాడు వదినను లెక్కలోంచి కొట్టేశారు. "చూశావా, ఇంకా బాగా వచ్చింది!" అన్నారు ప్రొఫెసరుగారు. లెక్కలమ్మ మానేసినవాళ్ళ చిరునామాలు తీసుకుని బయలుదేరింది. వాళ్ళను అడిగి, అందరినీ కలిపి మళ్ళీ లెక్క వేయాలని పంతం.

మొదటి ఇంట్లో తలుపు తీసింది ఒక పెద్దాయన.

"పరిశోధనశాల నుంచి వచ్చానండీ. మధ్యలో మానేశారు కదా, ఇప్పుడెలా ఉన్నారో అడుగుదామని."

"వచ్చింది నేను కాదమ్మా, మా ఆవిడ," అన్నాడాయన. "మీరెవరైనా వచ్చి అడుగుతారేమోనని ఉన్నన్నాళ్ళూ ఎదురుచూసింది."