బ్యాటు పారేసిన సార్!

అరవైల చివర్లో తార్నాకలో ఉంటూ యూనివర్సిటీ మైదానంలో కుర్రాళ్లకు బేస్‌బాల్ నేర్పేవాణ్ణి. ఈ ఆటలో బంతిని కొట్టగానే బ్యాటు వదిలేసి బేసు అనే గుర్తు దాకా పరుగెత్తాలి. వాళ్లలో యాదగిరికి మాత్రం క్రికెట్ అలవాటు పోలేదు, బ్యాటుతోనే పరుగెత్తేవాడు. "బ్యాటు పారేసి ఉరుకురా!" అని వారం రోజులు అరిచాను.

ఒక సాయంత్రం, బ్యాటు పట్టినవాడి వెనక కూర్చుని బంతి పట్టే శామ్యూల్ ముఖానికి కట్టుకునే ఇనుప మాస్కు పట్టీ తెగింది. ఒక్కపూటకేమవుతుందిలే అని మాస్కు లేకుండానే కూర్చోబెట్టాను. యాదగిరి బంతిని బలంగా కొట్టి, బ్యాటు వెనక్కి విసిరేసి, మొదటి బేసుకు చేరాడు.

"బ్యాటు పారేసిన సార్! చూసిన్రా?" అంటూ అక్కడే గంతులేశాడు.

నేను చప్పట్లు కొట్టాను. ఆ తర్వాతే, కన్ను పట్టుకుని నేలకొరిగిన శామ్యూల్‌ను చూశాను.

ఆ కంటికి చూపు తిరిగి రాలేదు. ఇప్పటికీ మనవడి స్కూల్లో అందరూ చప్పట్లు కొడుతుంటే, నా చేతులు ఒళ్లోనే ఉండిపోతాయి.