సగం తవ్విన మగ్గం గుంత

మా కొడుకు నడవలో రెండో మగ్గానికి, నేసేవాళ్లు కాళ్లు దించుకునే గుంత తవ్వడం మొదలుపెట్టింది సోమవారం ఉదయం. మాకు నూలిచ్చి చీరలు నేయించుకునే షావుకారు వచ్చి వెళ్లింది ఆదివారం. అందుకే నాకు అనుమానం.

"జనాల ఖాతాల్లో సర్కారు దుడ్లు పడతాండాయమ్మా. దుడ్లు తిరిగితే చీరలు పోతాయి. షావుకారు అడ్వాన్సు ఇస్తానన్యాడు," అన్నాడు గడ్డపార దించకుండా.

ఎమ్మిగనూరులో నేత ఇంట్లో పుట్టి, నేత ఇంట్లోనే ముసలిదాన్నయ్యాను. రెండు వేల పదహారు నవంబరులో నోట్లు రద్దయినప్పుడు చేతిలో చిల్లర లేదు. అయినా పొద్దున్నే వీధిలో పడుగు నూలు సాగదీసి గంజి పెడుతూనే ఉన్నాం. మగ్గం ఆగేది ముసురు పట్టి పడుగు ఆరనప్పుడే.

"దుడ్లు లేకున్నా పని ఆగలేదు గదరా. దుడ్లొస్తే పని పెరుగుతాదని ఎవరు చెప్పినారు?"

కండెలు చుడుతున్న కోడలు నవ్వింది. "అప్పుడు షావుకారు చీటీ రాసిస్తే అంగట్లో బియ్యమిచ్చినారు గదత్తా. ఆ చీటీ దుడ్డు కాదా?"

నిజమే. నోట్లు పోయాయి గానీ దుడ్లు పోలేదు. నా మాట అక్కడ చెల్లలేదు. కానీ ఆ చీటీ ఎప్పుడు రాసేవాడు? చీర మగ్గం దిగి, మడత పడ్డాక. ఇప్పుడు చీర నేయకముందే అడ్వాన్సు.

సాయంత్రం షావుకారు ఇంటికి నేనే వెళ్లాను. ఎవరు నేసిందో తెలియడానికి మా వీధిలో ప్రతి ఇల్లూ చీర చివర తన రంగు పోగు వదులుతుంది. మాది పచ్చ. ఆయన అలమరలో మూడు వరుసల నిండా పచ్చ పోగులే.

"ఇవి పోయిన ఎండాకాలానివి గదప్పా?"

"పోతాయిలే పెద్దమ్మా. బజారులో శానా దుడ్లుండాయి."

"ఉంటే ఇవింకా ఈడెందుకుండాయి?"

ఆయన అలమర తలుపు మూశాడు.

ఇంటికొచ్చి, గుంత పూడ్చమని చెప్పలేదు. "ఆ పచ్చ పోగులు అలమర దిగినాక మిగతా సగం తవ్వుదువు," అన్నాను.

"అంతలోకి అడ్వాన్సు ఇంకొకరు తీసుకుంటారు," అన్నాడు కొడుకు. గడ్డపార గోడకు ఆనించాడు.

అన్నట్టే పక్కింటివాళ్లు తీసుకున్నారు. వాళ్లది ఎర్ర పోగు. కొత్త మగ్గం చప్పుడు పొద్దంతా వినిపిస్తుంది. మా గుంత మీద చెక్క పలక వేసి ఉంది. షావుకారు ఇంటికి ఏ పనిమీద వెళ్లినా ముందు అలమర వైపే చూస్తాను. ఇప్పుడు పచ్చ వరుసల కింద ఎర్రవి మొదలయ్యాయి.