పసుపు కారుకు మినహా

మా మామగారిని అందరూ పొగలేని మేస్త్రి అనేవారు. ఆయన చేతిలో పడ్డ బండి ఏదీ పొగ వదులుతూ షెడ్డు గేటు దాటదని పేరు. ఆ పేరు ఆయన తలకెక్కిందంటే మా అత్తగారికి కోపం వచ్చేది గానీ, ఎక్కిన మాట నిజం. షెడ్డు బోర్డు మీద "పొగ రాదు, పూచీ మాది" అని ఎర్ర రంగుతో తనే రాసుకున్నారు.

ఇల్లు షెడ్డు వెనకే. ముందు గదిలో నా కుట్టుమిషను ఉండేది. ప్రతి ఆదివారం పొద్దున ఆయన చిన్న నూనె డబ్బాతో వచ్చి, నేను అడక్కపోయినా, దానికి చుక్క చుక్కగా నూనె వేసేవారు.

"ఇనుము ఇనుముని రాసుకునే చోట చుక్క నూనె ఉండాలమ్మా. లేదంటే రెండూ ఏడుస్తాయి" అనేవారు.

సోమవారం నేను కుట్టే తెల్ల చొక్కా మీద మరక పడేది. అప్పుడు ఏడ్చేది నేను.

ఒకరోజు రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారు పసుపు కారులో వచ్చారు. పోయిన భర్త ముచ్చటపడి కొనుక్కున్న బండి. ఆయన పోయాక, దాన్ని అమ్మడానికి మనసొప్పక, ఆ వయసులో డ్రైవింగు నేర్చుకున్నారావిడ.

"నడవడం బాగానే నడుస్తుంది మేస్త్రిగారూ. స్టార్టు చేస్తే పొగ. ఆయిలు కూడా తాగుతుంది. మా వీధిలో నవ్వుతున్నారు."

మామగారు రెండు రోజులు ఆ కారు చుట్టూ తిరిగారు. అది మామూలు ఇంజను కాదు, రోటరీ. పైకీ కిందికీ ఆడే పిస్టన్లు ఉండవు. వేరుశనక్కాయలా నడుము నొక్కుకుపోయిన గదిలో మూడు మూలల ఇనుప దిమ్మ గిరగిరా తిరుగుతుంది. ఆయన దాని గురించి వినడమే తప్ప ఏనాడూ విప్పి చూసినవారు కాదు. చివరికి ఆయనకొక చిన్న పంపు, దాన్నుంచి వెళ్లే సన్న గొట్టం కనిపించాయి. ఆ గొట్టం పెట్రోలు మండే చోటికే ఆయిలును కొద్దికొద్దిగా పంపుతోంది.

"దొరికాడు దొంగ!" అన్నారు.

ముప్పై ఏళ్లుగా ఆయన ఎరిగిన శాస్త్రం ఒకటే. మండే చోటికి ఆయిలు చేరిందంటే ఇంజనుకు జబ్బు. ఇక్కడెవడో బుద్ధి లేనివాడు ఆ జబ్బును గొట్టం వేసి మరీ తెచ్చిపెట్టాడనుకున్నారు. గొట్టానికి రాగి బిరడా కొట్టేశారు. పొగ పోయింది. హెడ్మిస్ట్రెస్ గారు పొంగిపోయారు. ఆ సాయంత్రం మామగారు మీసం దువ్వుకుంటూ మూడు టీలు తాగారు.

ఐదు నెలలకు అదే కారు తాడు కట్టించుకుని వచ్చింది. ఎంత తిప్పినా స్టార్టు కాలేదు. ఇంజను విప్పారు. దిమ్మ మూడు మూలల్లోనూ గాడిలో ఒక్కో సన్నటి పట్టీ, దాని కింద స్ప్రింగు. ఆ పట్టీలు ఎప్పుడూ ఆ గది గోడను అంటుకునే తిరగాలి. సందు పడిందా, బలమంతా అందులోంచి జారిపోతుంది. ఆ పట్టీలు సగానికి అరిగిపోయాయి. అద్దంలా ఉండాల్సిన గోడ మీద, చాప మీద పడుకుని లేచిన చెంపలా, అడ్డగీతలు.

నేను టీ తీసుకెళ్లేసరికి ఆయన తనలో తనే అనుకుంటున్నారు. "ఇంత గట్టి పట్టీలు ఐదు నెలల్లో ఎలా అరిగాయి?"

నాకు ఇంజన్ల సంగతి తెలియదు. ఆదివారాల మాటే నోటికొచ్చింది. "రాసుకునే చోట వాటికి చుక్క నూనె ఎక్కణ్ణుంచి వస్తుంది మామయ్యగారూ?"

ఆయన గొట్టంలోంచి బిరడా ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నారు.

"మామూలు ఇంజనులో ఆయిలు కిందనుంచి చిమ్మి గోడని తడుపుతుందమ్మా. దీంట్లో ఆ దారే లేదు. కొంచెం తాగి, కొంచెం కాల్చుకుంటేనే దీనికి తడి. దాని నోటి దగ్గర చుక్క నేనే లాగేశాను."

విషయం తెలిసి మా ఆయన, "పాత బండి, అరిగిపోయిందని చెప్పెయ్యి నాన్నా. ఆవిడకేం తెలుస్తుంది? నిజం చెప్తే ఇన్నేళ్ల పేరు గంగపాలే" అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ అదే సబబనిపించింది. ఆ పేరు చూసే కదా బళ్లు వచ్చేది.

మామగారు ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని, "నువ్వూ రా అమ్మా. నాకు నోరు పెగలకపోతే నువ్వు చెబుదువుగాని" అన్నారు.

నోరు పెగిలింది. అరిగిన పట్టీనీ బిరడానూ హెడ్మిస్ట్రెస్ గారింట్లో బల్ల మీద పెట్టి, "మేడం, మీ బండికి ఏ జబ్బూ లేదు. నేనే తెచ్చిపెట్టాను" అని మొత్తం చెప్పారు.

ఆవిడ తిడతారనుకున్నాను. తిడితే తేలిగ్గా ఉండేది.

"మావారు ఉన్నప్పుడు డిక్కీలో ఎప్పుడూ ఒక ఆయిలు సీసా ఉండేది" అన్నారావిడ. "ఆదివారం ఆదివారం కొలిచి పోసేవారు. ఆ పొగ ఆపించమని నేను పోరని రోజు లేదు. నవ్వేవారే గానీ ఆపించలేదు. ఎందుకో ఇవాళ తెలిసింది." కళ్లజోడు తీసి తుడుచుకుని, "బతుకుతుందా మేస్త్రిగారూ?" అని అడిగారు.

"బతికించేదాకా బోర్డు పెట్టను" అన్నారు మామగారు. ఇంటికొచ్చి తనే నిచ్చెనెక్కి బోర్డు దించేశారు.

పదకొండు నెలలు పట్టింది. గీతలు పడ్డ గోడ బాగుపడేది కాదు. బస్సులెక్కి పాత సామాన్ల గోడౌన్లన్నీ గాలించి, అలాంటి కారే ఇంకోటి గుద్దుకుని చచ్చిపడుంటే దాని గది పట్టుకొచ్చారు. పట్టీలు పోస్టులో వచ్చాయి. బిగించేటప్పుడు అవి గాడిలోంచి జారి పడుతుంటే వాజలీన్ రాసి నిలబెట్టారు. ఆ వాజలీన్ డబ్బా మా అత్తగారిది.

"నా పెదాలు పగిలితే పగలనీ, ఆ దిమ్మ మూలలు మెత్తగా ఉంటే చాలు!" అని ఆవిడ వారం రోజులు సాధించారు.

స్టార్టు చేసిన రోజు సగం వీధి గేటు దగ్గరే ఉంది. ఇంజను గుర్రుమని అందుకుంది. వెనకనుంచి నీలంగా పొగ. ఎవరో కిసుక్కున నవ్వారు. హెడ్మిస్ట్రెస్ గారు మాత్రం గుండెల నిండా పీల్చుకున్నారు.

"మా ఇంట్లో ఆదివారం పొద్దున ఇదే వాసన" అన్నారు.

పొగలేని మేస్త్రి షెడ్డు గేటు దాటి ఒక బండి పొగ వదులుతూ వెళ్లింది. ఆయన ఆ పొగలోనే నిలబడి దగ్గుతూ, అది మలుపు తిరిగేదాకా చూశారు. సాయంత్రం బోర్డు మళ్లీ ఎక్కింది. పాత మాట కింద అదే ఎర్ర రంగుతో కొత్త మాట: "పసుపు కారుకు మినహా." అదేమిటని అడగని మనిషి లేడు. "ముందు నేనేం పాడుచేశానో చెప్తా, కూర్చోండి" అని ఆయన మొదలుపెట్టేవారు. బళ్లేమీ తగ్గలేదు.

మామగారు పోయి ఆరేళ్లు. షెడ్డులో ఇప్పుడు టైల్స్ అమ్ముతున్నారు. ఆదివారం నా మిషనుకు నూనె నేనే వేసుకుంటాను. చొక్కాల మీద మరకలు పడడం లేదు. పడితే బాగుండుననిపిస్తుంది.

బోర్డు నా మిషను పైన గోడకుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు దాన్ని చదివి, "పసుపు కారేంటండీ?" అంటారు. నేను టేపు పక్కన పెట్టి కుర్చీ చూపిస్తాను.

"ముందు మా మామయ్యగారు ఏం పాడుచేశారో చెప్తాను, కూర్చోండి."